స్కూలు ఎదురు షాపులో ఫోన్ల సొరుగు

మాది విశాఖపట్నం గోపాలపట్నంలో చిన్న జెరాక్స్ షాపు. పెన్నులు, నోటుబుక్కులు, చార్టులు, కలర్ ప్రింట్లు, ఓ పక్కన కాసిని బిస్కెట్ ప్యాకెట్లు. రోడ్డుకి అవతల స్కూలు. పొద్దున్న నేను షట్టర్ ఎత్తేసరికే మెట్ల మీద అయిదారుగురు పిల్లలు నిలబడి ఉంటారు. ఏదో కొనడానికి కాదు, ఫోన్లు దాచుకోడానికి. స్కూల్లో ఫోన్ దొరికితే లాగేసుకుంటారు. మళ్ళీ ఏడాది పరీక్షలయ్యాకే ఇస్తారు, అదీ తండ్రి వచ్చి కాగితం మీద సంతకం పెడితే. అందుకని బస్సులో జేబులో వచ్చిన ఫోన్లన్నీ గేటు ముందు ఆగి, రోడ్డు దాటి నా దగ్గరికొస్తాయి.

ఫోన్‌కి రోజుకి అయిదు రూపాయలు. పేరు, క్లాసు, సెక్షన్ రాసిన చీటీ రబ్బరు బ్యాండుతో చుట్టి, కౌంటరు కింద చెక్క సొరుగులో పెట్టి తాళం వేస్తాను. స్విచ్ఛాఫ్ చేసి ఇవ్వమని గోడ మీద పెద్దక్షరాలతో అంటించాను. సగం మంది చెయ్యరు. "ఆంటీ, కొంచెం ఛార్జింగు పెట్టీరా ప్లీజ్" అనేవాళ్ళూ ఉన్నారు. ఛార్జింగుకి వేరే డబ్బులు తీసుకోమంటారు మావారు. డబ్బులూ తీసుకోను, ఛార్జింగూ పెట్టను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ మధ్య మా వీధి వాట్సాప్ గ్రూపులో పిల్లలకి స్కూల్లో ఫోన్ ఉండొచ్చా కూడదా అని పెద్ద యుద్ధమే జరిగింది. ఒకాయన ఫారిన్‌లో అన్ని దేశాలూ బ్యాన్ చేసేశాయంటాడు. ఒకావిడ రేపొద్దున్న ఉద్యోగాలన్నీ ఫోన్ మీదేనంటుంది. రిటైరైన లెక్కల మాస్టారొకరున్నారు, ఆయన మెసేజ్ పెడితే పేజీ ఉంటుంది, ఎవరూ చదవరు. అంతమంది మాట్లాడారు గానీ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పిల్లల ఫోన్లు ఏం చేస్తుంటాయో చూసినవాళ్ళు అందులో ఒక్కరూ లేరు. నేను రోజూ చూస్తున్నాను.

బెల్ కొట్టాక కాసేపు సొరుగు నెమ్మదిగానే ఉంటుంది. పది దాటాక మొదలు. వైబ్రేషన్‌లో ఉన్న ఫోన్ చెక్క మీద మోగితే ఎంత గోలో మీకు తెలిసే ఉంటుంది. కౌంటరు మీద పెన్నుల డబ్బాలు గలగలమంటాయి. ఆధార్ జెరాక్సుకి వచ్చిన కొత్తవాళ్ళు ఉలిక్కిపడి కిందకి చూస్తారు. ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్‌లు, ఆటల వాళ్ళ పిలుపులు వస్తూనే ఉంటాయి, కాదనను. కానీ అవి ఒక్కసారి టింగుమని ఊరుకుంటాయి. ఆగకుండా మోగేవాటి మీద చూస్తే 'అమ్మ', 'మమ్మీ', 'డాడీ న్యూ నంబర్'. పిల్లలు చెడిపోతున్నారని గ్రూపులో మెసేజ్ పెట్టినాయన కాల్ కూడా నా సొరుగులో మోగింది. పదకొండింపావుకి. వాళ్ళమ్మాయి అప్పుడు సైన్సు క్లాసులో ఉంటుంది.

ఓ తల్లిని అడిగేశాను. నోట్సు ప్రింట్లకి వచ్చింది. పిల్ల క్లాసులో ఉంటుందని తెలుసు కదమ్మా, మరి ఆ టైములో ఫోన్ ఎందుకు చేస్తావు అని. ఆవిడ నావంక వింతగా చూసింది.

"ఎత్తక్కర్నేదమ్మా. మోగితే చాలు. మోగిందంటే గుంట మీ కొట్టుకి వచ్చీసినట్టే కదా. అంటే స్కూలికి ఎల్లీసినట్టే."

అంటే ఆవిడ దృష్టిలో నా సొరుగు హాజరు పట్టీ అన్నమాట. ఆ మాట విన్నాక ఆ గోల మీద నాకు చిరాకు తగ్గింది. ఆవిడది ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి గ్యాస్ లీకైన ఊరు. ఆ చీకట్లో ఫోన్లు చేసుకుని ఒకర్నొకరు లేపుకున్నారట. ఫోన్ మోగి లేచినవాళ్ళు పరిగెత్తారు. "నా పిల్ల చేతిలో ఫోన్ నేకపోతే నాకు పేనం ఒప్పదు" అంటుంది. ఆవిడకి వెళ్ళి, పిల్లలు ఫోన్‌వల్ల ఏకాగ్రత కోల్పోతున్నారమ్మా అని యునెస్కో రిపోర్టు చదివి వినిపించమనండి ఎవరినైనా. నావల్ల కాదు.

సాయంత్రం సంగతి ఇంకో రకం. నాలుగున్నరకి గేటు తెరవగానే పిల్లలంతా కౌంటరు మీద పడతారు. చీటీ చించి ఫోన్ చేతికిస్తాను. తెర మీద అమ్మవి అయిదు మిస్డ్ కాల్స్ ఉంటాయి. వాటిని బొటనవేలితో పక్కకి తోసేసి రీల్స్ తెరుస్తారు. అమ్మకి చెయ్యరా అంటే "ఇంటికే ఎల్తన్నాను కదాంటీ" అంటారు. ఇంటికే వెళ్ళేవాడు అరగంట సేపు పక్క సందులో గోడకి ఆనుకుని తల వంచుకుని ఆడుతుంటాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక మా రూట్లో 28 నంబరు ఎక్కడం కూడా కష్టంగానే ఉంది. ఆడపిల్లలు ఒక బస్సు వదిలేసి ఇంకోదాని కోసం ఆగుతారు. కొందరు ఇటునుంచి ఇటే ద్వారకానగర్ ట్యూషన్లకి వెళ్ళిపోతారు, ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అంత సేపు పిల్ల ఎక్కడుందో తెలియాలంటే ఫోన్ కావాల్సిందే. కాబట్టి తల్లిదండ్రులు ఫోన్ ఇస్తారు. ఇస్తే స్కూలు ఊరుకోదు. మధ్యలో నా గిరాకీ.

మా షాపు మొదట్లో ఎస్టీడీ బూత్. మా మావయ్యగారు రిటైరయ్యాక పెట్టారు. పసుపు బోర్డు మీద నల్లక్షరాలు, అద్దాల గది, లోపల ఎర్రంకెలు పరిగెత్తే మీటరు, రాత్రి రేటు తగ్గే టైముకి బయట క్యూ. నేను కోడలిగా వచ్చేనాటికి కౌంటరు చివర రూపాయి బిళ్ళ ఫోన్ కూడా ఉండేది. స్కూలు పిల్లలకి అదే దిక్కు. జ్వరమొచ్చినవాడు, ఫీజు కట్టలేదని బయట నిలబెట్టినవాడు, క్యారేజీ ఆటోలో మర్చిపోయినవాడు, ఎవరైనా వాచ్‌మన్‌కి చెప్పి రోడ్డు దాటి వచ్చి ఫోన్ చేసుకునేవారు. పెద్ద క్లాసుల ఆడపిల్లలైతే రిసీవర్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా "అమ్మా, ఒకసారి రావా" అనేవారు. సంగతి అర్థమై నేను లోపలికి పిలిచి కూర్చోబెట్టేదాన్ని. చిల్లర లేకపోతే మావయ్యగారు గల్లాపెట్టెలోంచి తనే బిళ్ళ తీసి వేసేవారు. ఆ లెక్క ఎవరికీ రాయలేదు.

ఆ ఫోన్‌తో ఫొటో తీయడానికి లేదు. ఆట లేదు, పాట లేదు. చెప్పవలసింది ఓ నిమిషంలో చెప్పి పెట్టేయాలి, వెనక ఇంకొకడు నిలబడి ఉంటాడు. తర్వాత సెల్‌ఫోన్లొచ్చి బూత్ మూతపడింది. రూపాయి ఫోన్‌ని కంపెనీవాళ్ళు పట్టుకుపోయారు. అప్పుడెవరూ ఆలోచించలేదు గానీ, స్కూలు పిల్లలు ఇంటికి కబురు చెప్పుకునే సాధనం ఆ పేటలో అదొక్కటే. దాని స్థానంలో స్కూలు ఏదీ పెట్టలేదు. పిల్లలకి ఎవరి ఫోన్ వాళ్ళకొచ్చింది, వచ్చిన కొన్నాళ్ళకి దాన్ని గేటు బయట పెట్టమన్నారు. అప్పట్నుంచీ బడివేళల్లో పిల్లవాడికీ ఇంటికీ మధ్య ఏమీ లేదు.

ఏమీ లేకపోతే ఏమవుతుందో ఓ రోజు నా కళ్ళముందే చూశాను.

మధ్యాహ్నం భోజనాల బెల్ ఇంకా కొట్టలేదు. సొరుగులో ఒక ఫోన్ ఆగి ఆగి మోగుతోంది. నేను పిల్లల ఫోన్లు ఎత్తను, అది నా నియమం. కానీ అది కట్టయిన మరుక్షణం మళ్ళీ మోగుతోంది. తీసి చూస్తే 'అమ్మ'. చీటీ మీద తొమ్మిదో తరగతి, బి సెక్షన్. ఇక ఎత్తాను. అవతల ఏడుపు. పిల్లవాడి తాతగారు బాత్రూములో పడిపోయారట, కేజీహెచ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నారు, ఇంటి తాళం పిల్లవాడి బ్యాగులో ఉంది. ముసలామె వాకిట్లో కూర్చునుందట. స్కూలుకి ఫోన్ చెయ్యలేదా అన్నాను. చేసిందట. స్కూలు బోర్డు మీద ఒక నంబరుంటుంది, ల్యాండ్‌లైన్. రోడ్డు తవ్వినప్పుడు ఆ లైను పోయింది, నంబరు బోర్డు మీద అలాగే ఉండిపోయింది. ఇంకోటి ఆఫీసు సెల్. అది ఎవరి దగ్గరుంటుందంటే, ఆరో తరగతికి ఇంగ్లీషు చెప్పే మేడమ్ దగ్గర. మేడమ్ క్లాసులో ఉంటే ఫోన్ ఆఫీసు బీరువాలో. క్లాసు టీచరుకి చేద్దామంటే, టీచర్లు క్లాసులోకి ఫోన్ తీసుకెళ్ళకూడదు. రూలు రూలే కదా.

షాపులో ఓ పెద్దాయన్ని కూర్చోబెట్టి నేను రోడ్డు దాటాను. వాచ్‌మన్ తాత గేటు సందులోంచి చూసి, "ఏటమ్మా, ఇప్పుడు పిలవనేను, యూనిట్ టెస్టు జరగతంది" అన్నాడు. విషయం చెప్పాను. పాపం ఆయనా పరిగెత్తాడు. కుర్రాడు బ్యాగుతో బయటికొచ్చి నన్ను చూసి మొదట అన్న మాట, "ఆంటీ, నా ఫోన్ పోయిందా?"

తాతగారికి తర్వాత తగ్గింది, తుంటి ఎముకకి ఆపరేషన్ చేశారు. నేను చెప్పేది ఆ కబురు వెళ్ళిన దారి గురించి. తల్లి నుంచి సొరుగుకి, సొరుగు నుంచి నాకు, నానుంచి వాచ్‌మన్‌కి, అక్కణ్ణుంచి పిల్లవాడికి. ఎదురుగా జెరాక్స్ షాపు లేని స్కూళ్ళ మాటేమిటి?

అలాగని ఫోన్లు లోపలికి తీసుకెళ్ళనివ్వాలని నేననను. ససేమిరా అనను. వద్దనేవాళ్ళంతా చదువు పాడవుతుందంటారు. అవుతుంది, నిజమే. నన్నడిగితే అంతకన్నా పెద్ద భయం కెమెరా.

పోయిన దసరా సెలవుల ముందు పదో తరగతి కుర్రాడొకడు వాట్సాప్‌లో ఫొటో పంపి ప్రింటు కావాలన్నాడు. ఎ4, కలర్, గ్లాసీ పేపరు మీద. తెరిచి చూశాను. క్లాసురూము. కిటికీ పక్క బెంచీ మీద ఓ అమ్మాయి టిఫిన్ డబ్బా మూత తీస్తోంది. కెమెరా వైపు చూడట్లేదు. ఫొటోలో ఎడంవైపు మూల ఎవరిదో తెల్లచొక్కా భుజం అడ్డమొచ్చింది. అంటే ముందు బెంచీ వాడి వెనక దాక్కుని తీసిందే.

"ఈ పిల్లకి తెలుసా?" అన్నాను.

"ఫ్రెండే ఆంటీ. బర్త్‌డే సర్‌ప్రైజ్."

"అయితే ఆ అమ్మాయినే తీసుకురా. నా ముందు ఊఁ అంటే ఫ్రీగా వేసిస్తా."

వాడి మొహం మాడిపోయింది. మా కంప్యూటర్లోంచి వాడి కళ్ళముందే తీసేశాను. వాడి ఫోన్లోంచీ తీయించాను, తీసేసినవి నెల్లాళ్ళుండే చెత్తబుట్టలోంచి కూడా. ఆ చెత్తబుట్ట సంగతి మా అమ్మాయి నేర్పింది నాకు. ఇంతకీ ఆ కుర్రాడు నా సొరుగులో ఏనాడూ ఫోన్ పెట్టినవాడు కాదు. అంటే ఎప్పుడూ లోపలికే తీసుకెళ్తున్నాడన్నమాట. అయిదు రూపాయలిచ్చి నా దగ్గర పెట్టేవాళ్ళు రూలుకి భయపడే పిల్లలు. ఎవరివల్ల భయమో వాళ్ళ ఫోన్లు నా దాకా రావు.

టీచర్లకీ తప్పట్లేదు. ఓ టీచరమ్మ బోర్డు మీద రాస్తుంటే వెనకనుంచి వీడియో తీసి, దానికో ఐటమ్ పాట తగిలించి పెట్టారట ఆ మధ్య. ఆవిడ వారం రోజులు బడికి రాలేదు. ఆ రీల్ నాకు చూపించిందెవరో తెలుసా? ఓ పిల్ల తండ్రి. నవ్వుతూ.

2025 మొదట్లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో చెప్పిన మాటలు నాకు నచ్చాయి. స్కూలుకి ఫోన్ తేవడాన్ని పూర్తిగా నిషేధించడం కుదిరే పని కాదంది. వీలున్నచోట లోపలికి రాగానే ఫోన్లు అప్పగించి పోయేటప్పుడు తీసుకునే ఏర్పాటు ఉండాలంది. క్లాసులో వాడకూడదంది. కెమెరా, రికార్డింగ్ స్కూల్లోనే కాదు, స్కూలు బస్సులో కూడా వద్దంది. ఇంటివాళ్ళతో భద్రత కోసం మాట్లాడుకోడానికి మాత్రం వాడనివ్వచ్చంది. తప్పు చేస్తే ఫోన్ లాక్కోవడం కూడా సరైన శిక్షేనంది. పిల్లలున్న ఇంట్లో కూర్చుని రాసినట్టుంది.

మన రాష్ట్రంలో 2023 ఆగస్టులోనే ప్రభుత్వం ఆర్డరిచ్చింది. పిల్లలు బడికి ఫోన్లు తేకూడదు, టీచర్లు కూడా క్లాసులోకి తీసుకెళ్ళకుండా హెడ్మాస్టరు దగ్గర పెట్టాలి. మా ఆడపడుచు ఆనందపురం వైపు జెడ్పీ హైస్కూల్లో టీచరు. ఆర్డరొచ్చిన రోజు నవ్వాలో ఏడవాలో తెలీలేదంది. ఎందుకంటే అంతకు ముందు ఏడాదే, 2022లో, టీచర్ల ముఖం ఫొటో తీసి హాజరు వేసే యాప్ వచ్చింది, అదీ ఎవరి సొంత ఫోన్లో వాళ్ళే వేసుకోవాలి. సంఘాలన్నీ గొడవ చేశాయి. మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్ల ఫొటో కూడా అప్పట్లో ఫోన్లోనే అప్‌లోడ్ చెయ్యాల్సి వచ్చేది. ఇక ఆ డిసెంబరులోనే ఎనిమిదో తరగతి పిల్లలకి, టీచర్లకి కలిపి పాఠాలు నింపిన ట్యాబులు అయిదు లక్షలకు పైగా పంచారు. ఒకే ఏడాదిలో అటు చేతికిచ్చి ఇటు చెయ్యి కట్టేశారంటుంది మా ఆడపడుచు. నేనైతే అంత దూరం వెళ్ళను. ట్యాబు వేరు, జేబులో ఫోన్ వేరు. కానీ ఆవిడకి మరుగుదొడ్ల ఫొటోల మీదున్న కోపం న్యాయమైందే.

ప్రైవేటు స్కూళ్ళ కథ ఇంకా అందం. ఫోన్ తెస్తే సస్పెండ్ చేస్తామంటారు. హోంవర్కు వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఫీజు గుర్తుచేసేది మెసేజ్‌లో. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫానుకి సెలవులు ప్రకటించినప్పుడు ఆ కబురు అందరికీ వచ్చింది ఫోన్లోనే. "ప్రాజెక్టు వర్క్" అని ఒకటుంటుంది చూడండి, గూగుల్లో బొమ్మలు వెతికి ప్రింటు తీయించి చార్టు మీద అంటించడం. రాత్రి తొమ్మిదింటికి తండ్రులు పరిగెత్తుకొస్తారు, రేపటికి సౌరకుటుంబం కావాలని. దానివల్ల నాకు నాలుగు డబ్బులొస్తాయి కాబట్టి నేను తిట్టకూడదు. పిల్లవాడు మాత్రం ఏం నేర్చుకుంటాడో దేవుడికే తెలియాలి. ఫోన్ లేకుండా ఒక్క రోజు స్కూలు నడపలేనివాళ్ళు, ఫోన్ ఎంత చెడ్డదో అసెంబ్లీలో పిల్లలకి ఉపన్యాసమిస్తారు.

ఇలా గేటు ముందు ఫోన్లు దాచిపెట్టడం మా పేటలోనే పుట్టిందనుకునేరు. మా మరిదిగారబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. నా సొరుగు సంగతి విని పడీ పడీ నవ్వాడు. న్యూయార్క్ స్కూళ్ళలో పిల్లలు ఫోన్లు తేకూడదని చాలా ఏళ్ళు రూలుండేదట. మెటల్ డిటెక్టర్లున్న స్కూళ్ళలో దాచడానికి వీల్లేక పిల్లలు బయట దుకాణాల్లో, స్కూళ్ళ ముందు ఆగే వ్యాన్లలో రోజుకి ఒక డాలరిచ్చి పెట్టుకునేవాళ్ళట. 2015 మార్చిలో ఆ రూలు తీసేశారు, వ్యాన్లవాళ్ళ బేరం పోయింది. పదేళ్ళు తిరిగేసరికి మళ్ళీ మొదటికొచ్చారు. 2025 సెప్టెంబరు నుంచి న్యూయార్క్ రాష్ట్రం మొత్తం మీద పొద్దున్న బెల్ నుంచి సాయంత్రం బెల్ దాకా స్మార్ట్‌ఫోన్ వాడకూడదని చట్టం. ఈసారి మాత్రం ఫోన్ పెట్టుకునే ఏర్పాటు స్కూలే చూడాలి, తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడే మార్గం కూడా స్కూలే చూపించాలి అని చట్టంలోనే రాశారట. ఆ రెండో మాట దగ్గర నేను వాడిని మళ్ళీ చెప్పమన్నాను.

పల్లెటూళ్ళ పిల్లల చదువుల మీద సర్వే చేసే అసర్ వాళ్ళ 2024 రిపోర్టులో ఒక లెక్కుంది. 14 నుంచి 16 ఏళ్ళ వాళ్ళలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చు. వాళ్ళలో ఆ వారంలో చదువుకి వాడినవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్ళు 76 శాతం. పల్లెల్లోనే ఇలా ఉంటే మా పేట సంగతి చెప్పక్కర్లేదు. లెక్కల మాస్టారు ఈ అంకెలు పట్టుకుని, 57 తక్కువేం కాదమ్మా, ఫోన్‌తో పిల్లలు చదువుతున్నారు కూడా అన్నారు. చదువుతున్నారు మాస్టారూ, ఇంట్లో. స్కూల్లో చదివించడానికి మీలాంటివాళ్ళుండగా ఫోనెందుకు అన్నాను. ఆయన బాగా సంతోషించి రెండు రీఫిల్స్ కొనుక్కెళ్ళారు.

నాకు కావలసింది ఏమంత పెద్ద విషయం కాదు. స్కూలు ఆఫీసులో ఒక ఫోన్, అది మోగితే ఎత్తడానికి ఒక మనిషి. పాఠాలు చెప్పే మనిషి కాదు, ఎత్తే మనిషి. పొద్దున్న హాజరు తీసుకోగానే రాని పిల్లల ఇళ్ళకి పది లోపు ఒక కాల్. వెంకటాపురం తల్లికి అంతకంటే ఇంకేం అక్కర్లేదు, సొరుగు మోగించే పని తప్పుతుంది. పిల్లలు ఇంటికి మాట్లాడాలంటే ఆఫీసుకొచ్చి మాట్లాడే వీలుండాలి, ఎందుకురా అని నలుగురి ముందు నిలదీయకుండా. ఆడపిల్లలకి కొన్ని సంగతులు గుమాస్తాల ముందు చెప్పడానికి నోరు రాదు. గేటు లోపల గళ్ళ బీరువా ఒకటి, తాళంతో. ఆ బీరువాలో పాడైపోయిన డొక్కు ఫోన్ ఒకటి పెట్టి అసలుది మేజోట్లో దోపుకునే మహానుభావులుంటారు, నాకు తెలుసు. వాళ్ళకి ఏడాది కాదు, రెండేళ్ళు లాక్కోండి, నేనడగను.

ఈ మాటే మొన్న తల్లిదండ్రుల మీటింగులో చెప్పాను. మా అన్నయ్య కూతురు అక్కడే చదువుతోంది, వాడికి డ్యూటీ కుదరక నన్ను పంపాడు. స్టేజీ మీద పెద్దాయన చాలా మర్యాదగా విన్నారు. "రోజుకి వంద కాల్స్ వస్తాయమ్మా, ఎవరెత్తుతారు?" అన్నారు. మొదట్లో వస్తాయి, ఎత్తుతారని తెలిశాక తగ్గుతాయి అన్నాను. ఎత్తరన్న అనుమానం ఉన్నంతకాలమే జనం పదిసార్లు చేస్తారు, నా సొరుగు దగ్గర రోజూ చూస్తున్నదే. ఆయన తలూపి, "చూద్దాం" అన్నారు. వెనక వరసలో ఎవరో, మరి ఆవిడ వ్యాపారం ఏం గాను అన్నారు, అందరూ నవ్వారు. నవ్వనివ్వండి. ఫోన్లకొచ్చే డబ్బులతో మేం మేడలు కట్టలేదు, పోతే పోయింది. ఒకటి పోతే తలనొప్పి నాకే. పాతికవేల ఫోన్‌ని అయిదు రూపాయలకి కాపలా కాస్తున్నాను, దాంట్లో లాభమేంటో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

చూద్దాం అంటే ఏమిటో మన అందరికీ తెలుసు కదా. అందుకని ఉత్తరం ఒకటి టైపు చేసి ప్రింటు తీసి కౌంటరు మీద పెట్టాను, పక్కన పెన్ను దారంతో కట్టి. ఒక పేజీ, నాలుగు పాయింట్లు, బోర్డు మీద పాత నంబరు చెరిపేయమన్నది కూడా అందులో ఉంది. అమ్మలు నిలబడి చదివి సంతకం పెడుతున్నారు. నాన్నలు చాలామంది దాన్ని ఫొటో తీసుకుని, గ్రూపులో పెడతానమ్మా అని చెప్పి వెళ్ళిపోతున్నారు.